పైడితల్లి మాట

1974లో ప్రతి గురువారం విశాఖపట్నం నుంచి బస్సులో చోడవరం వెళ్లేదాన్ని. అక్కడొక ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరుగారు వరండా చివర నాకొక బల్ల, రెండు స్టూళ్లు వేయించారు. స్పీచ్ థెరపిస్ట్ అంటే ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. పాటలు నేర్పడానికి వచ్చాననుకునేవారు పిల్లలు.

పైడితల్లికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పేరడిగితే "మైనినల్లి" అంది. పప్పు అనబోతే మమ్ము, బడి అనబోతే మని. క్లాసంతా నవ్వేది. కావాలనే ముక్కుతో మాట్లాడుతోందని మాస్టారు రెండుసార్లు బెంచీ ఎక్కించారట. అప్పటినుంచి చదవమంటే లేచి నిలబడేదే తప్ప నోరు విప్పేది కాదు.

చల్లటి అద్దం ముక్కు కింద పెట్టి "పప్పు" అనమన్నాను. అద్దం మసకబారింది. నోట్లోంచి రావలసిన గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. దీన్ని మేం నేసల్ ఎమిషన్ అంటాం. టార్చి వేసి చూస్తే అంగిలిలో చీలిక కనబడలేదు. అలవాటే అనుకున్నాను. కాగితం ముక్కలు ఊదడం, బుగ్గలు పూరించి గాలి బిగబట్టడం రోజూ ఇంటిదగ్గర చెయ్యమన్నాను.

రెండు నెలలైనా మార్పు లేదు. "ఇంట్లో చెయ్యట్లేదు కదూ నువ్వు?" అని విసుక్కున్నాను.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు తోడొచ్చిన తండ్రి అప్పారావు, చెరకు రైతు, అడ్డుపడ్డాడు.

"సేస్తందమ్మా. పొద్దున లెగిసిన కాడినుంచి ఊదుతాది. బుగ్గలు నొప్పెట్టినా మానదు, నాను సూస్తన్నాను కదా. ఇంక బడి మానిపించేస్తాం. అందరూ నవ్వుతుంటే అదేటి సదువుతాది?"

నాకు సిగ్గేసింది. చేతులు కడుక్కుని వచ్చి, ఈసారి వేలితో అంగిలి తడిమి చూశాను. గట్టిగా ఎముక తగలవలసిన చోట చిన్న నొక్కు. కొండనాలుక కొస కూడా రెండుగా చీలి ఉంది. సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్. పైపొర మూసుకునే ఉంటుంది, లోపలి కండరాలు కలిసి ఉండవు. ఎన్నాళ్లు ఊదినా ముక్కులోకి పోయే దారి మూసుకోదు.

"తప్పు దానిది కాదు, నాదే. ఆపరేషన్ చేయించాలి," అన్నాను.

"మాటకి ఆపరేసనేటమ్మా?" అని కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. "గుంటకేటీ అవదు కదా?"

అతన్ని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. విశాఖలో సర్జన్ దగ్గరికి నేనే వెంట వెళ్లాను. ఆపరేషన్ అయ్యేదాకా ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. 

గాయం మానాక మళ్లీ మొదలుపెట్టాం. కండరాలు కలిసినా నోటికి పాత అలవాటు పోదు, ఒక్కొక్క శబ్దమే కొత్తగా నేర్పాలి. కొన్ని వారాలకు ఒక గురువారం అద్దం పెట్టి "పప్పు" అనిపించాను. అద్దం తేటగా ఉంది. నమ్మకం కుదరక తుడిచి మళ్లీ అనమన్నాను. తేటగానే ఉంది.

"ఏదీ, బడి అను," అన్నాడు పక్కనే నిలబడి చూస్తున్న అప్పారావు.

"బడి."

"మానేస్తావేటే?"

"బడి మానను నాన్నా!"

అతను స్టూలు మీద కూలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు. నెలల తరబడి గుండెల మీదున్న బరువు నాకూ అప్పుడే దిగింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. మాట కుదరని ఏ పిల్లనీ, నువ్వు ప్రయత్నించడం లేదని మళ్లీ అనలేదు. నేను చూడకుండా వదిలేసిందేమిటో ముందు వెతుక్కునేదాన్ని.