తోటలో వద్దండి

వీధిలో ఆటో మైకు గరగరమంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. అమ్మేది ఉల్లిపాయలేనని తెలిసినా సరే. ఎనభైల్లో ఒక వేసవి, నూజివీడు పక్కన మా ఊళ్లో రిక్షా మైకు ఇలాగే అరిచింది. "పిచ్చివాళ్లకు ఉచిత వైద్యం! నెలకోసారి బెజవాడ డాక్టరుగారు!" ఊరిపెద్దలు ఆ చాటింపు మంచి మనసుతోనే వేయించారు. కానీ ఆ పిలుపు విని ఎవరొస్తారు? ఒక్కరూ రాలేదు. నేనూ తలుపేసుకుని కూర్చున్నాను.

నిజానికి ఆ డాక్టరుగారి మాత్రలు నేను అప్పటికే వాడుతున్నాను. అంతకుముందు, లేని గొంతులు వినపడి కేకలు పెడుతుంటే, అన్నయ్య నన్ను మామిడితోటలో కాపలా షెడ్డులో పెట్టి తాళం వేశాడు. చెడ్డవాడు కాదు, పరువుకి భయపడ్డాడు. అక్కడినుంచి నన్ను బెజవాడ తీసుకెళ్లింది పక్కింటి మార్తమ్మగారు, మా ఊరి ఆసుపత్రి నర్సు. బయటికి మాత్రం పచ్చకామెర్లని చెప్పాం.

ఎవరూ రాలేదని స్కూల్లో మీటింగు పెట్టారు. "డాక్టరుగారు చూడ్డానికి ఊరికి దూరంగా తోటలో షెడ్డు వేయిద్దాం. వాళ్లకీ గుట్టు, మనకీ ప్రశాంతత," అన్నారు ప్రెసిడెంటుగారు. అందరూ తలలూపారు, అన్నయ్యతో సహా. నాకు తాళం పడిన చప్పుడు వినిపించింది. జబ్బు తిరగబెట్టిందా, ఉత్త భయమా, నాకే తెలియలేదు.

"మందులు మింగేవాళ్లని ఒక్కమాట అడగకూడదాండీ?" అన్నారు మార్తమ్మగారు. నావైపు చూడలేదు. నా పేరెత్తనని ఎప్పుడో మాటిచ్చారు.

లేచాను. "తోటలో వద్దండి. నన్ను అక్కడే పెట్టి తాళం వేశారండి. ఆసుపత్రిలో జ్వరాలవాళ్ల క్యూలోనే కూర్చోబెట్టండి, వస్తాం."

పెద్దలు కాసేపు గొణుక్కుని చివరికి సరేనన్నారు. అన్నయ్య అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

మార్తమ్మగారితో ఇంటికి నడుస్తూ అడిగాను. "ఇంట్లోకి రానిస్తాడా సిస్టర్?"

"తెలీదమ్మాయ్. నీచేత మాట్లాడించింది నేనేగా, తలుపు కూడా నేనే కొడతాను."

కొట్టారు. తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆవిడ అరుగు దిగలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఆసుపత్రి కమిటీలో ఇప్పుడు నేనూ ఉన్నాను. మందులు వాడేవాళ్లని అడగందే ఏదీ తేల్చనివ్వను, ఎవరు విసుక్కున్నా సరే. వాళ్లలో ఎవరైనా మొదటిసారి లేచి నోరు విప్పితే, మీటింగయ్యాక వాళ్ల ఇంటిదాకా నేనూ నడుస్తాను. తలుపు నేనే కొడతాను. లోపల అడుగుల చప్పుడు వినపడేదాకా నాకింకా భయమే.