ఒంటికన్ను ఎనిమిది

ఇళ్ల నంబర్లు రాయడం నా పని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే. దీన్ని కళ అనేవాళ్లు మా ఊళ్లో ఇద్దరున్నారు. ఒకరు నేను. రెండోవారు మా అమ్మ, ఆవిడకు చూపు సరిగా ఆనదు.

నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మొదట్లో గోడలకు సున్నం వేసేవాణ్ణి. ఒకరోజు ఒకరింటి గోడకు వేస్తూ వేస్తూ, ఆ ఊపులో గుమ్మం పక్కనున్న నంబరును కూడా తెల్లగా కప్పేశాను. ఇంటాయన నా చొక్కా పట్టుకుని "ఉత్తరాలు ఎలా వస్తాయిరా ఇప్పుడు?" అన్నాడు. గేటుకు వేయగా మిగిలిన నల్లరంగు డబ్బా అడుగున కాస్త ఉంటే, దానితోనే మళ్లీ రాసిపెట్టాను. నలభై ఒకటి. నాలుగు బాగా కుదిరింది. ఒకటి ఎవరికైనా కుదురుతుంది. పక్కింటివాళ్లు చూసి మాకూ అలాగే రాయమన్నారు. నా చదువు మొదలవడం, ముగియడం ఆ ఒక్క పూటలోనే జరిగిపోయాయి.

ఎనిమిది రాయమంటే చాలామంది సున్నా మీద సున్నా కూర్చోబెడతారు. అలా కాదు. పైనుంచి ఒక వంపు దించి, కింద చుట్టి, కుంచె ఎత్తకుండా బయల్దేరినచోటికే తీసుకుపోవాలి. పై కన్ను కింది కన్నుకన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి. రెండూ సమానంగా రాస్తే పైది బరువై, ముందుకు తూలుతున్నట్టు కనిపిస్తుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం వినేవాళ్లు మాత్రం ఇంతవరకూ దొరకలేదు, అందుకే ఇక్కడ మీకు చెబుతున్నాను.

పోయిన నెల మొదట్లో ఊరి కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఇకమీదట అన్ని ఇళ్లకూ యంత్రం మీద అచ్చుకొట్టిన రేకు నంబర్లు బిగిస్తారు, గోడల మీది రాతలు చెరిపేస్తారు. ఏ వీధిలోనైనా సగానికి పైగా ఇళ్లవాళ్లు పాతవే ఉండనివ్వమని సంతకాలు చేసి నెలాఖరులోగా ఇస్తే, ఆ వీధి జోలికి రారు. నేను రాసినవి నాలుగు వీధులు: మెట్ల వీధి, గడియారాల వీధి, పొడుగు వీధి, మేముండే అడ్డవీధి. దాదాపు రెండువందల ఇళ్లు. నెల తిరిగేసరికి, ఇన్నేళ్లూ నేను ఏం చేశానో చూపించడానికి గోడ మీద ఒక్క అంకె మిగలదన్నమాట.

కాగితాలు చంకన పెట్టుకుని బయల్దేరాను. మొదటి రోజు సాయంత్రానికి పడిన సంతకం ఒక్కటే, మా ఆవిడది. అదీ "పొయ్యి మీద కూర మాడుతోంది, ఇలా ఇవ్వండి" అంటూ చేసింది. పొడుగు వీధిలో ఒకాయన నా మాటలన్నీ ఓపిగ్గా విని, రేకైతే తుడుచుకోవడం సులువు కదా అన్నాడు. నాకు ఒళ్లు మండి, "మీ ఇంటి నంబరు ఏ రంగులో ఉందో చెప్పండి చూద్దాం" అన్నాను. ఆయన నిలబడింది గుమ్మంలోనే. నంబరు ఆయన భుజం పక్కనే ఉంది. కాసేపు ఆలోచించి, "నీలం" అన్నాడు. అది నల్లరంగు.

ఈ సంగతి పఠనాలయం చూసుకునే లెక్కల మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన ఉద్యోగం మానేసి పన్నెండేళ్లయినా, ఎదుటివాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచినట్టే మాట్లాడతారు.

"చూడనిదాని కోసం ఎవడు సంతకం పెడతాడయ్యా? ముందు చూసేలా చెయ్యి."

"ఎలా చెయ్యమంటారు మాస్టారూ, మెడ పట్టుకుని తిప్పనా?"

"నిధివేట పెట్టు. నడుస్తూ ఆడేది. వీధుల్లో ఉన్న నంబర్లే చిక్కుముళ్లు. ఒకటి విప్పితే రెండోదానికి దారి తెలుస్తుంది."

"ముళ్లు మీరు వెయ్యండి. నేను అంకెలు రాసుకునేవాణ్ణి."

"నేను వేస్తే పరీక్ష అనుకుని ఒక్కడూ రాడు. వీధులు నీకు తెలుసు. నువ్వే వెయ్యి."

నువ్వే వెయ్యి అన్న మాట నా తలకెక్కింది. వారం రోజులు సుద్దముక్క, పుస్తకం పట్టుకుని నాలుగు వీధులూ కొలిచాను. చెప్పుల అరుగుదల తప్ప మొదటి వారంలో తేలిందేమీ లేదు. కిటికీలు లెక్కపెట్టమన్నాను, అందులోంచి గేట్లు తీసివేయమన్నాను, వచ్చినదాన్ని దీపస్తంభాలతో భాగించమన్నాను. మా ఆవిడకు చదివి వినిపిస్తే ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఇది ఆటా, జనాభా లెక్కలా?" అంది.

"బుర్ర పెట్టి ఆడే ఆట ఇది."

"ఆదివారం పూట బుర్ర పెట్టాలని ఎవరికుంటుందండీ? మీకు ఆ నంబర్లు చూస్తే ముందు ఏం కనబడుతుందో అది అడగండి."

నాకు ముందు కనబడేవి దెబ్బలే. పొడుగు వీధిలో పద్దెనిమిదో నంబరు ఇంటి ఎనిమిదికి పై కన్ను మూసుకుపోయింది, ఎప్పుడో కిటికీకి రంగు వేస్తుంటే చుక్కపడి. ఇరవై తొమ్మిదిలో తొమ్మిదికి తోక లేదు, పెచ్చు ఊడి పోయింది. పదమూడులో మూడుకు నడుం దగ్గర గోడ పగిలి, పైసగం ఒకవైపు, కిందిసగం ఒకవైపు అయ్యాయి. ఈ మూడింటినీ ఆట చివరి చిక్కుగా పెట్టాను. "ఈ వీధిలో దెబ్బలు తిన్నవాళ్లు ముగ్గురున్నారు. ఒంటికన్ను ఎనిమిది, తోకలేని తొమ్మిది, నడుం విరిగిన మూడు. ఆ మూడిళ్ల నంబర్లూ కలిపితే నిధి ఉన్న ఇల్లు." కలిపితే అరవై వస్తుంది. అరవై ఇస్త్రీ షాపు. అక్కడ చెక్కపెట్టెలో నిధి: గెలిచినవాళ్ల ఇంటి నంబరును వాళ్లకు నచ్చినట్టు రాసిస్తానని చీటీ. అంతకుముందు చిక్కులు తేలికవి. మెట్ల వీధి మెట్లెన్నో లెక్కపెట్టి గడియారాల వీధిలో ఆ నంబరు షాపుకు వెళ్లడం, గడియారాలు బాగుచేసే ఆ షాపులో నడుస్తున్న ఒకే ఒక్క గడియారాన్ని పట్టుకోవడం, దాని వెనక చీటీ చదువుకుని పొడుగు వీధికి రావడం.

మా అడ్డవీధిని ఆటలో పెట్టలేదు. అక్కడ అంకెలన్నీ కొత్తవాటిలా ఉంటాయి. ఇంటి ముందే కదా, కాస్త వెలిసిందంటే వెళ్లి దిద్దేస్తాను. దెబ్బలేనిచోట చిక్కు ఏం వేస్తాను?

ఆదివారం పొద్దున్నే లేచి, చీటీలు ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో చూడడానికి బయల్దేరాను. ఎక్కడికి వెళ్లినా సన్న కుంచె, చిన్న రంగు డబ్బా సంచిలో ఉంటాయి. కొందరు కళ్లజోడు లేకుండా బయటికి వెళ్లరు, ఇదీ అంతే. గడియారం వెనక చీటీ భద్రంగా ఉంది. పొడుగు వీధిలోకి వచ్చేసరికి ఎండ ఏటవాలుగా గోడల మీద పడి, ప్రతి అంకె ముఖం కడుక్కున్నట్టు మెరుస్తోంది. ఆ వెలుగులో ఆ ఎనిమిదిని చూశాను. ఇన్ని కళ్లు చూడబోయే రోజున ఇలా ఉండడమేమిటి అనిపించింది. బ్లేడుతో చుక్క గీకేసి, అంచు దిద్దాను. అది బాగుపడ్డాక తొమ్మిది మరీ అన్యాయంగా కనిపించింది. తోక పెట్టాను. మూడుకు పగులులో కాస్త లప్పం కూరి, ఆరేదాకా పక్కింటి అరుగు మీద కూర్చుని, నడుం కలిపాను. దూరం జరిగి చూసుకున్నాను. చెయ్యి ఇంకా పోలేదనుకున్నాను. చెయ్యి బాగానే ఉంది. పోయింది వేరేది.

ఆటకు పందొమ్మిది మంది వచ్చారు. అందులో నలుగురు మా చుట్టాలు. మెట్ల వీధిలో ఆయాసపడ్డారు, గడియారాల షాపులో నవ్వారు, అంతా నేననుకున్నట్టే నడిచింది. నేను వెనక చేతులు కట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా నడుస్తున్నాను. పొడుగు వీధిలో అరగంట గడిచినా ఒక్కరూ ఇస్త్రీ షాపు వైపు రాలేదు. చివరికి లెక్కల మాస్టారు చెమటతో వచ్చారు.

"ఏమయ్యా, ఈ వీధిలో అరవై నాలుగిళ్లు. ఎనిమిది ఉన్నవి ఆరు, తొమ్మిది ఉన్నవి ఆరు, మూడు ఉన్నవి పదహారు. అయిదువందల డెబ్బయ్యారు రకాలుగా కూడొచ్చు. ఒంటికన్నుది ఏదీ?"

చుట్టూ జనం. అబద్ధం దానంతటదే నోట్లోకి వచ్చేసింది.

"ఎవరో కావాలని బాగుచేసినట్టున్నారు మాస్టారూ. ఆ రేకులవాళ్ల పనే అయ్యుంటుంది."

"రేకులవాళ్లొచ్చి నీ నంబర్లు బాగుచేశారా?"

మా ఆవిడ దగ్గరికొచ్చి, పదిమందికీ వినబడేటట్టు, "ఆ బొటనవేలికేమైందండీ?" అంది. బొటనవేలు నల్లగా ఉంది. చూపుడువేలు కూడా.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రశ్నపత్రం ఇచ్చి, ప్రశ్నలు చెరిపేసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు" అన్నారు.

ఆట ఆపేద్దాం, తప్పు నాది అని చెప్పబోయాను. ఈలోగా అత్తాకోడళ్ల జట్టు ఒకటి నన్ను పట్టించుకోకుండా తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. కోడలు ఆసుపత్రిలో నర్సు. అత్తగారికి ఓడిపోవడం అలవాటు లేదు.

"ఏమ్మా, మీ ఇంటి నంబరుకు దెబ్బేమైనా తగిలిందా?" అని అత్తగారు అడిగింది.

"అత్తయ్యా, ముందు ఎవరిమో చెప్పండి. పిచ్చివాళ్లనుకుంటారు."

"నువ్వు ఊరుకో. రోజూ ఆసుపత్రిలో అడిగేది ఇదేగా."

తలుపు తీసినావిడ నవ్వలేదు. "మాది బాగానే ఉందండి. ఇరవై తొమ్మిది వాళ్లదే తోక ఊడింది, మూడేళ్లయింది" అని గుమ్మంలోంచి వంగి చూసి, "అదేంటి, మొలిచిందే" అంది.

ఎదురింట్లోంచి ఇంకొకాయన బయటికొచ్చాడు. నల్లరంగును నీలం అన్నది ఆయనే. "పదమూడుది కదా నడుం విరిగింది? వానాకాలంలో ఇంకా వంగుతుంది" అన్నాడు. వానాకాలంలో వంగదు, గోడ తడిసి అలా కనిపిస్తుందనుకుంటా. కానీ అది నేనెప్పుడూ గమనించలేదు. పావుగంటలో వీధి సగం గుమ్మాల్లోకి వచ్చేసింది. ఒంటికన్ను పద్దెనిమిదిదని ఒకరు, ఫలానా ఏడు గాలికి వాలినట్టుంటుందని మరొకరు, మా రెండు బాతులా ఉంటుందని ఇంకొకరు. రంగేమిటో ఒక్కరికీ తెలియదు. దెబ్బలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. నేను గొప్పగా రాసిన అంకెల గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదని కూడా ఇక్కడ చెప్పాలి.

అత్తాకోడళ్లు అరవైకి చేరి పెట్టె తెరిచారు. నేను సంతకాల కాగితం తీశాను. సరిగ్గా అప్పుడు పద్దెనిమిదో నంబరు ఇంటి మామ్మగారు కర్ర పట్టుకుని బయటికొచ్చి, తన గోడను చాలాసేపు చూసింది.

"ఎవరు నాయనా దీని కన్ను తెరిచింది?"

"నేనే మామ్మగారూ. చుక్క పడి ఉంటే తీశాను."

"అడిగావా నన్ను? ఒంటికన్ను ఎనిమిది అంటే రిక్షావాడు కూడా తిన్నగా తెచ్చి దింపుతాడు. మా చెల్లెలికి చూపు తక్కువ, అదే గుర్తు. ఇప్పుడు ఈ వీధిలో ఆరు ఎనిమిదుల్లో ఇదొకటి. ఇలా అయితే రేకే మేలు కదా."

వీధి వీధంతా మామ్మగారి వైపు చూస్తోంది. ఆవిడ సంతకం చెయ్యకపోతే మిగతావాళ్లు చెయ్యరని వాళ్లు నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

"ఎలా ఉండేదో అలా చెయ్యి. అప్పుడు సంతకం పెడతా."

కుంచె తీశాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను కావాలని చెడగొట్టిన మొదటి అంకె అది. చెడగొట్టడం అంత తేలిక కాదు. మొదటిసారి కన్ను నిండా రంగు పెడితే, "ఇది మూసుకోవడం కాదు, వాచినట్టుంది" అంది మామ్మగారు. తుడిచి మళ్లీ పెట్టాను. "కింద కాస్త తెలుపు కనబడేది, రెప్ప సందులోంచి చూసినట్టు." ఆ తెలుపు నాకు ఎంతకీ కుదరలేదు. నా చెయ్యి తనకు తెలియకుండానే దాన్ని గుండ్రంగా చేసేస్తోంది. వెనక నుంచి మాస్టారు, "కళ్లు మూసుకుని వెయ్యవయ్యా" అన్నారు. నాలుగోసారి, చెయ్యి ఆనించుకునే కర్ర పక్కన పడేసి, కిటికీకి వేసినవాడెవడో విదిలించినట్టే కుంచె దూరం నుంచి విదిలించాను. సగం చుక్క నా చొక్కా మీద పడింది. మిగతా సగం పడాల్సినచోట పడింది.

మామ్మగారు ముక్కు గోడకు ఆనించినంత దగ్గరగా చూసి, "ఇదీ" అంది. కాగితం గోడకు పెట్టి సంతకం చేసింది. ఆవిడ వెనక వరస కట్టారు. ఇరవై తొమ్మిదివాళ్లు తోక ఊడగొట్టమని షరతు పెట్టి చేశారు. పదమూడాయన నడుం బాగుచేసినందుకు చేశాడు, మళ్లీ విరిస్తే కొట్టేస్తానన్నాడు. మధ్యాహ్నానికి నలభై ఏడు సంతకాలు.

పొడుగు వీధి అలా మిగిలింది. ఆటలో మెట్లెక్కి పోయినవాళ్లు మెట్లనే చూశారు, గడియారాల షాపులో గడియారాలనే చూశారు. ఆ రెండు వీధులూ పోయాయి. మా అడ్డవీధిలో నెలాఖరుకు కూడా సంతకం ఒక్కటే ఉంది. ఇల్లిల్లూ తిరిగి అడిగితే, "అన్నీ ఒకేలా ఉంటాయి కదండీ, రేకైతే ఏంటి?" అన్నారు. నిజమే. ఒకేలా ఉండాలని అంతకాలం దిద్దింది నేనే.

రేకులు బిగించేవాళ్లు మొన్న మంగళవారం వచ్చారు. మా గుమ్మం పక్క నేను రాసుకున్న ముప్పై అయిదు మీద సున్నం వేసి, నాలుగు మేకులతో రేకు కొట్టి వెళ్లారు. నేను లోపల కూర్చుని వింటున్నాను. మా ఆవిడ బయటికెళ్లి చూసొచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"అయిదు బాగుందండీ" అంది.

కాసేపాగి వెళ్లి చూశాను. అయిదు బాగానే ఉంది.