చెప్పి వెళ్లమన్న మేడమ్

శనివారం. కందిపప్పు చెరిగి డబ్బాలకెత్తడం అయింది. రెండు దుప్పట్లు ఉతికి దండెం మీద వేశాను. తొక్కు జాడీలో పైన తేలే నూనె చూసి, మూతకు కొత్త గుడ్డ కట్టాను. మిరపకాయల తొడిమెలు తీయడం సగంలో ఆగింది. నల్గొండ నుంచి మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, పనిల ఉన్నవా?"

"మిరపకాయలు తుంచుతున్న. ఏందే, గొంతు గట్లుంది?"

"మా హౌస్ మేడమ్ పోయింది. రాత్రి దవాఖానలనే. గ్రూపుల పెట్టిండ్రు."

ఏ రోజు ఏం చేశానో రాసుకోవడం నాకు పెళ్లి కాకముందు నుంచీ అలవాటు. ఆ శనివారం కింద ఇంకో పని లేదు.

గురుకులంలో పిల్లలను జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఒక్కో టీచర్‌కు అప్పగిస్తారు. పాఠం చెప్పడం వేరు, ఇది వేరు. తిన్నారా, పడుకున్నారా, తలలో పేలున్నాయా, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ ఆమే చూడాలి. పిల్లలు ఆమెను హౌస్ మేడమ్ అంటారు. మా అమ్మాయికి ఆరో తరగతి నుంచి ఆమే. క్లాసులో సోషల్ చెప్పేది. రిటైరయ్యాక భువనగిరిలో చెల్లెలితో ఉంటోంది. షుగర్ ఉందని తెలుసు గానీ ఇంత తొందరగా పోతుందనుకోలేదు.

మరునాడు నేను తిరుమలగిరి నుంచి, అమ్మాయి నల్గొండ నుంచి భువనగిరి చేరాం. పాస్టర్ గారి ప్రార్థన అప్పుడే ముగిసింది. మేడమ్‌ను ఉంచిన పెట్టె చుట్టూ పాత విద్యార్థినులు, కొందరి చంకల్లో పిల్లలు. వచ్చినవాళ్లు కాసేపు నిలబడి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒక్కొక్కరే బయటికి జారుకుంటున్నారు. చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు కదా. మేమూ అలాగే బయల్దేరాలని అమ్మాయి చున్నీ పట్టి లాగాను. అది నా చేయి విడిపించుకుని పెట్టె దగ్గరికి వెళ్లి వంగింది.

"మేడమ్, నేను పోతున్న. రేపు నాకు ప్రాక్టికల్స్ ఉన్నయి. ఐదు గంటల బస్సుకు నల్గొండ పోతున్న."

పక్కనున్న ముసలామె ఉలిక్కిపడింది. "గట్ల చెప్పొద్దు బిడ్డా, మంచిగుండదు."

మేడమ్ చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది: "చెప్పనియ్యండి. చెప్పకపోతెనే మా అక్కకు కోపమొస్తది."

ఇది చదివేవాళ్లలో కొందరు ఈ ఏడు తమ పిల్లలను ఇలాంటి బడిలో వదిలి వచ్చి ఉంటారు. మా అమ్మాయి ఆ మాట ఎందుకు అందో వాళ్లకైనా తెలియాలని రాస్తున్నాను.

అప్పుడు మేం పల్లెలో ఉండేవాళ్లం. ఐదో తరగతి వరకు మా అమ్మాయి ఇంటి ఎదురుగా ఉన్న బడిలోనే చదివింది. ఎంట్రన్స్ రాసి ఆరో తరగతికి గురుకులంలో సీటు తెచ్చుకుంది. మా రెండు కుటుంబాల్లోనూ హాస్టల్‌కు వెళ్లిన మొదటి ఆడపిల్ల అదే. జూన్‌లో దింపడానికి, దాని తమ్ముణ్ణి మా అత్త దగ్గర వదిలి, నేనూ, మా ఆయనా వెళ్లాం. పెట్టె, బకెట్, మగ్గు, పళ్లెం, గ్లాసు తీసుకున్నాను. ప్రతి బట్టకు లోపలి అంచున ఎర్ర దారంతో దాని పేరు కుట్టాను. తాళంకప్ప ఒక్కటే మరిచిపోయాను.

ఆ రోజు గేటు దగ్గర మాలాంటి తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వాచ్‌మన్ అందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"పిల్లలకు చెప్పకుండ్రి. కండ్ల ముందర పోతె గోడు గోడున ఏడుస్తరు. ఏదన్న సాకు చెప్పి మెల్లగ జారుకోండ్రి."

మాకు అది వింతగా తోచలేదు. మా ఇళ్లల్లో చేసేదే. చంటిపిల్లకు కోడిపిల్లను చూపించి తల్లి పొలానికి వెళ్తుంది. ఊరి నుంచి వచ్చిన తాత మనవడు నిద్రపోయాక బస్సెక్కుతాడు. ఏడిపించకుండా పోవడమే ప్రేమ అని అందరం అనుకుంటాం. మా ఆయన కూడా అలాగే అన్నాడు.

"బిడ్డా, తాళంకప్ప మర్చిపోయినం. కొనుక్కొస్తం. నువ్వు పెట్టె కాడనే ఉండు."

"జల్దిన రా నాయినా. ఎవలన్న సబ్బు తీసుకపోతరు."

మేం అటు నుంచి అటే బస్సెక్కాం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పలకరింపు కూడా లేదు.

"మీ పాప హౌస్ టీచర్‌ను మాట్లాడుతున్న. మీరు తాళంకప్ప తెస్తమని చెప్పి పోయిండ్రట?"

ఫోన్ మా ఆయన తీసుకున్నాడు. "అవును మేడమ్, ఏడుస్తదని గట్ల చెప్పినం."

"అది పెట్టె ఇడిసి భోజనాలకు వస్తలేదు. ఆటల టైముల గేటు కాడికొచ్చి మెట్టు మీద కూసుంటాంది. తాళంకప్ప తెస్తరా, తేరా? ఏదో ఒకటి చెప్పుండ్రి."

"రేపు తెస్తమని చెప్పుండ్రి మేడమ్."

"రేపు వస్తరా?"

"రాం గాని, గట్ల చెప్తె తింటది కద."

"మీరు రానిది వస్తరని నేను చెప్పను," అని ఆమె పెట్టేసింది.

ఇంట్లో గొడవ మొదలైంది. పిల్లను తోలుకొచ్చేయమని మా అత్త. "సదువు లేకుంటె బతుకుతది గాని, తిండి లేకుంటె బతుకుతదా?" అని ఆమె ప్రశ్న. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆయనా అదే అన్నాడు. ఒకసారి పెట్టెతో గేటు దాటితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని ప్రిన్సిపల్ మేడమ్ చేరిన రోజే చెప్పింది. మా ఊళ్లో ఐదో తరగతి తరువాత బడి లేదు. పక్క ఊరికి ఆటోలో పంపాలి. మా ఆడబిడ్డ కూతురు అలా ఒక ఏడాది పోయి, రెండో ఏడాది పత్తి ఏరడానికి పోయింది. అది నా కళ్ల ముందు జరిగింది. అందుకని, కలవనిచ్చే ఆదివారం వచ్చేదాకా ఆగమన్నాను. ఆ రోజుల్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అది తిన్నదో లేదో అని చేయి ఆగేది.

నెలకొకసారి ఆదివారం కలవనిస్తారు. తాళంకప్ప తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. పిల్ల చిక్కిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. నా కొంగు చివర తీసుకుని తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. వేపచెట్ల కింద అందరూ గిన్నెలు విప్పి తింటున్నారు. మాది తినడం లేదు. తల వంచి ముద్ద తీసుకుంటే ఆ లోపల నేను మాయమవుతానని దాని భయం. నీళ్ల పంపు దగ్గరికి వెళ్తే వెంట వచ్చింది.

మేడమ్‌ను మొదటిసారి అప్పుడు చూశాను. వరండాలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఒక పిల్ల తలకు పేల దువ్వెన వేస్తోంది. వాచీ కుడిచేతికి లోపలివైపు తిప్పి పెట్టుకుంది.

"తాళంకప్ప తెచ్చినవా?"

"తెచ్చిన మేడమ్."

"ఇప్పుడెట్ల పోతవ్? మళ్ల దానికేదన్న మరుపు పుట్టిస్తవా?"

నాకు కోపం వచ్చింది. "చెప్పిపోతె ఆగదు మేడమ్. ఏడుస్తది."

"ఏడ్వనియ్యమ్మా. ఎదురుచూడనియ్యకు. ఏడిస్తె ఒక గడియల అయిపోతది. ఎదురుచూసుడు అయిపోదు."

ఆమె దువ్వెన విదిలించి, మళ్లీ అదే గొంతుతో అంది: "మా నాయిన నన్ను హాస్టల్ల దింపి, నీళ్లు తాగొస్త అని పోయిండు. నీళ్లు చాన దూరం ఉన్నట్టున్నయి."

దువ్వించుకుంటున్న పిల్ల కిసుక్కున నవ్వింది. ఆమె దాని నెత్తి మీద ఒక్కటి మొట్టి, "కదలకు," అంది.

ఆమె చెప్పినట్టే చేశాను. నాలుగు గంటల బస్సుకు పోతానని మధ్యాహ్నమే చెప్పాను. మళ్లీ కలవనిచ్చే ఆదివారం పన్నెండింటికల్లా వస్తానన్నాను. నాలుగు కాకముందే పిల్ల నా నడుము కరుచుకుంది. కొంగు విప్పడానికి మేడమ్ దాని వేళ్లు ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"గోడ చాటున నిలబడి చూడకు. పోతున్న అన్నవు, పో."

రోడ్డు దాకా ఏడుపు వినిపించింది. ఆ రాత్రి ఆమె ఫోన్ చేసింది.

"ఏడ్సింది. సగం అన్నం తిన్నది. గేటు కాడికి పోలే. పెట్టెకు తాళమేసుకుంది. తాళంచెయ్యి మెడల కట్టుకున్నది, నాక్కూడ ఇస్తలేదు."

తరువాత ఆమె పద్ధతి కొద్దికొద్దిగా తెలిసింది. సెలవు పెట్టినా పిల్లలకు చెప్పే వెళ్లేది. "నేను రేపు మా చెల్లె ఇంటికి పోతున్న, ఎల్లుండి పొద్దుగాల ప్రేయర్‌కు ఉంట" అని చెబితే, ఎల్లుండి ప్రేయర్‌లో ఉండేది. పిల్లలు ఎప్పుడు ఇంటికి పంపిస్తారని అడిగితే, "పంపిస్తర్లే" అనేది కాదు. తెలిస్తే తేదీ చెప్పేది. తెలియకపోతే, "నాకు ఎర్కలేదు, కనుక్కుంట" అనేది. నల్ల చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని రాత్రి మంచాల మధ్య తిరిగేది. తన గదికి వెళ్లేటప్పుడు కూడా, "నేను పోతున్న, తలుపు దగ్గరికేస్తున్న" అని చెప్పేదట. నిద్రపోయినవాళ్లకు ఎందుకు మేడమ్ అని ఒక పిల్ల అడిగితే, "మేలుకున్నోళ్లు ఉంటరు. వాళ్లు చెప్పరు," అందట.

రెండోసారి కలిసే ఆదివారం వచ్చింది. రెండు రోజుల ముందు నుంచి వాన. అయినా తెల్లవారకముందే లేచి గారెలు చేశాను, కోడికూర వండాను. మా ఆయన, నేను బస్సెక్కాం. సగం దూరం పోయాక వాగు మీద నీళ్లు పారుతున్నాయని బస్సు ఆపేశారు. అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు. కాసేపట్లో తగ్గుతుందని కొందరు, రాత్రిదాకా తగ్గదని కొందరు. పదకొండు దాటింది. పిల్ల వాచీలున్న వాళ్ల చుట్టూ తిరుగుతూ ఉంటుందని నాకు తెలుసు. మేడమ్ ఫోన్ కలవడం లేదు. చాలాసేపటికి కలిసింది.

"వాగొచ్చింది మేడమ్. బస్సు ఆగింది."

"వస్తరా, రారా?"

మా ఆయన పక్క నుంచి, "దారిల ఉన్నమని చెప్పు, వస్తున్నమని చెప్పు," అంటున్నాడు. అదీ అబద్ధం కాదు, దారిలోనే ఉన్నాం. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

"రాలేం మేడమ్. మీరే దానికి జర చెప్పుండ్రి."

"నేనెందుకు చెప్త? వస్తనన్నది నువ్వు. ఫోన్ ఇస్తున్న, నువ్వే చెప్పు. వచ్చే ఆదివారం రా. ప్రిన్సిపల్‌ను నేను అడుగుత."

ఫోన్‌లో పిల్ల ఊపిరి వినిపించింది. ఈ ఒక్కసారి మాట తప్పితే మళ్లీ మెట్టు మీద కూర్చుంటుంది. ఈసారి లేవదు. వాగు తగ్గగానే మా ఆయన పోయి పెట్టె తెచ్చేస్తాడు. అంతా నాకు ఒక్కసారిగా కనిపించింది.

"బిడ్డా, నేను ఇయ్యాల వస్తలేను. వాగు దాట వస్తలేదు. వచ్చే ఆదివారం వస్త. మేడమ్ అడిగి పెడ్తనన్నది."

వాన చప్పుడు ఇటుదో అటుదో తెలియలేదు.

"ఇయ్యాల ఇగ రావా?"

"రాను."

"సాయంత్రానికి గూడ?"

"సాయంత్రానికి గూడ రాను."

ముక్కు ఎగబీల్చుకుంది.

"గారెలు చేసినవా?"

"చేసిన."

"తమ్మునికి పెట్టు. పాడైతయి." ఆ తరువాత ఏడుపు గొంతుతోనే, "ఇగ తినడానికి పోత. లైన్ల అందరు పోయిండ్రు," అంది.

మా ఆయన వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. పెట్టె తెచ్చే మాట ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తరువాతి ఆదివారం పన్నెండు కాకముందే చేరాను. పిల్ల గేటు దగ్గర లేదు. మంచం దగ్గర లేదు. వెనక గ్రౌండ్‌లో అరుపులు వినిపించి వెళ్లాను. ఖోఖో ఆడుతున్నారు. మా అమ్మాయి వరుసలో, పరుగుకు సిద్ధంగా ఒక మోకాలు పైకెత్తి, నేల మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. నన్ను చూసింది. లేవలేదు.

"అమ్మా, ఆట అయినంక వస్త. జర ఆగు."

గ్రౌండ్ అంచున బండ మీద కూర్చున్నాను. చాయ్ గ్లాసుతో మేడమ్ వచ్చి నన్నూ, నా ఒళ్లోని టిఫిన్‌నూ చూసింది.

"ఏమమ్మా, కూసున్నవా?"

"ఆట కానియ్యాలెనట మేడమ్."

"కూసో. నిన్న పొద్దటి నుంచి ఇదే ఆట. నీ కోసం ఆపుతదా?" అని నవ్వి, చాయ్ సగం నా టిఫిన్ మూతలో పోసింది. ఆమె గట్టిగా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎవరో వెనక నుంచి మా అమ్మాయి వీపు మీద చరిచి "ఖో" అన్నారు. అది లేచింది. జడలు రెండూ ఊడిపోయి, మెడలో తాళంచెయ్యి ఎగురుతూ, ఎర్రదుమ్ములో పరుగెత్తింది. కూర చల్లారిపోయింది. ఆట చాలాసేపు సాగింది. ఇంటికొచ్చి ఆ రోజు పనుల కింద బస్సు కిరాయి రాశాను. దాని కింద ఇంకో వరుస రాశాను: పిల్ల నా కోసం కూర్చున్న బాకీ, నేను కూర్చుని తీర్చాను. చెల్లు.