బ్రేకు లేని సీట్లో మా ఆయన: మనాలికి ముందు చౌటుప్పల్

కారులో మనాలి దాకా వెళ్లాలన్నది మా ఆయన యాదగిరి కోరిక. పాతికేళ్లు ట్రావెల్స్ బస్సు నడిపిన మనిషి, తన కోసం ఒక్క ఊరూ చూడలేదు. నడుం నొప్పితో ఉద్యోగం మానేశాక, "పోదాం సుధా, మన బండిలనే పోదాం, నచ్చిన కాడ ఆగుదాం" అన్నారు. డాక్టరేమో ఏకబిగిన రెండు గంటలకు మించి స్టీరింగు పట్టొద్దన్నారు. మిగతా దారి నేను నడపాలన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టుకునే నేను నాదర్‌గుల్ రోడ్ల మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. చిక్కల్లా ఆయన నా పక్కన కూర్చోలేకపోవడమే. ఎడమ సీట్లో లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉంటారు! చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ దాకా నేను నడపాలి. ఆయన కుదురుగా కూర్చుంటే కారులో మనాలి, లేదంటే రైలు టికెట్లు.

ఉదయం ఆరింటికి బయల్దేరాం. మీరూ ఈ దారిన వెళ్లేట్టయితే ఆలస్యం చేయకండి. పొద్దెక్కితే కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన ఆటోలు, బస్సులు కదలనివ్వవు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిలానో లేదో, అక్కడే ఆయన మొదలుపెట్టారు.

"జర మెల్లగ... మెల్లగ... క్లచ్, క్లచ్!"

"అవి నిమ్మకాయలండీ బాబూ, మనుషులు కాదు!"

హయత్‌నగర్ దగ్గర లారీ అడ్డం వస్తే ఆయన కాలు ధన్‌మని పడింది. పెద్ద అంబర్‌పేట్ దాటి రోడ్డు ఖాళీ అయ్యాక కూడా ఆయన చెయ్యి కిటికీ పైనున్న పిడిని వదల్లేదు. "ఆ కాలు ఊరుకోకపోతే తీసి డిక్కీలో పెడతాను" అన్నాను. పైకి నవ్వానే గానీ లోపల ఒళ్లు మండిపోయింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఇన్ని నెలలు నేర్చుకున్నది దేనికి?

పంతంగి టోల్‌గేటు దాటి చౌటుప్పల్‌లో టిఫిన్‌కి ఆగాం. ప్లేటు ఇడ్లీ నలభై, అల్లం చట్నీ అదిరింది. వడ్డించే ఆవిడ మా ఆయన్ని చూసి, "ఏందన్నా, గట్ల చెమటలు పట్టినయ్? బండి అక్క నడిపింది గదా!" అంది. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు పట్టుకుని మెల్లగా అన్నారు.

"నీ డ్రైవింగ్ మంచిగనే ఉంది సుధా. బస్సుల గంతమంది పండుకుంటే నేనొక్కన్నే మెలకువగ ఉంటుంటి. ఇంకొకల చేతిల బండి పెట్టి కండ్లు మూసుడు నాకు రాదు."

ముందు సీట్లో ఉన్నవాళ్లు నిద్రపోకూడదన్నది డ్రైవర్ల కట్టుబాటు. నన్నూ ఎప్పుడూ కునుకు తీయనిచ్చేవారు కాదు. అది పెత్తనం అనుకునేదాన్ని. పాపం, ఎంత మోశాడో ఈ మనిషి! "పోనీలెండి, రైలెక్కుదాం" అన్నాను, మనస్ఫూర్తిగానే.

తిరుగు ప్రయాణంలో ఆయన చెప్పులు విడిచి, సీట్లో బాసింపట్టు వేసుకుని బెల్టు పెట్టుకున్నారు. "ఇట్లయితే కాలు పోదు గదా" అన్నారు. నేను బండి తీశాను. పెద్ద అంబర్‌పేట్ వచ్చింది, "మెల్లగ" అన్న మాట రాలేదు. హయత్‌నగర్‌లో ఆటో అడ్డమొచ్చినా రాలేదు. పక్కకు చూద్దును కదా, తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నారు!

అమ్మయ్యో, ఎంత సంతోషమో అంత భయం వేసింది. స్పీడ్‌బ్రేకర్ల మీద పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిపాను. మా సందు వచ్చినా లేపబుద్ధి కాలేదు. నేరుగా మలక్‌పేట దాకా వెళ్లి వెనక్కి తిప్పుకుంటుంటే ఆయనకు మెలకువ వచ్చింది.

"ఏందీ, ఇల్లు దాటినమా?"

"దాటాం. ముందు సీట్లో నిద్రపోయారు మరి."

సిగ్గుపడి మెడ రుద్దుకున్నారు. "మనాలిల చలి బాగుంటదంట. స్వెట్టర్లు కొనాలె" అన్నారు.

ఇద్దరు కలిసి దూరం వెళ్లాలంటే రూటు, హోటళ్లే ముఖ్యమనుకున్నాను. ఒకరి చేతిలో బండి పెట్టి ఇంకొకరు కళ్లు మూసుకోగలగాలని ఆ ఆదివారం తెలిసింది. కాబట్టి మీ ఇంట్లోనూ ఇద్దరు నడిపేవాళ్లుంటే, బయల్దేరే ముందు ఒక పూట సీట్లు మార్చుకుని వెళ్లి రండి. ఎడమ సీటుకు చిన్న దిండు మర్చిపోకండి. మా ఆయన మెడ మూడు రోజులు పట్టేసింది, అయినా ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు.