టోకెన్ నంబరు మోపిన నేరం

మొన్న హబ్సిగూడలో డేటా సైన్స్ కోచింగ్ నుంచి వచ్చిన మా అక్క మనవరాలు, పిన్‌కోడ్‌కూ ఇంటి అద్దెకూ సహసంబంధం, అదే కోరిలేషన్, లెక్కకట్టి, మెచ్చుకోమన్నట్టు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. పిన్‌కోడ్ పేరులాంటిదే తప్ప కొలత కాదు కదమ్మా అంటే, కంప్యూటర్ ఒప్పుకుందిగా అమ్మమ్మా అని నవ్వేసింది. నాకు ఒళ్లు మండింది.

నాచారంలో ఒక పింగాణీ కప్పుల కంపెనీ ఉండేది. నల్లగొండ వైపు నుంచి వచ్చి, మౌలాలిలో ఒక్క గదిలో నన్ను పెట్టుకుని, అక్క అక్కడి ప్యాకింగ్‌లో పనిచేసి నన్ను స్టాటిస్టిక్స్ చదివించింది. చదువు కాగానే అదే కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగం నాకు దొరికితే తన ప్యాకింగ్ లైనంతా చక్కెర పంచింది. అప్పుడే కంప్యూటర్ వచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ గదికి ఏసీ, గుమ్మంలో చెప్పులు విప్పాలి, అందులోంచి వచ్చిన కాగితాన్ని కళ్లకద్దుకోవడమే తక్కువ. మా మేనేజరు కార్మికుల టోకెన్ నంబర్లూ, వాళ్ల పేరన రాసిన పగిలిన కప్పుల లెక్కా అందులో వేసి, నంబరు పెరిగేకొద్దీ పగలడం పెరుగుతోందని తేల్చాడు. చివరి నంబర్లన్నీ ప్యాకింగ్ ఆడవాళ్లవి. బట్టీలోనో, తోపుడు బండి మీదో పగిలినవాటిని ఏరి పక్కన పెట్టడమే వాళ్ల పని, ఎవరి చేతికి దొరికితే వాళ్ల పేరన రాసేవారు.

టోకెన్ నంబరు ఉత్త గుర్తేనండీ, ఎత్తూ బరువూ లాంటి రాశి కాదు, రెండు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు అని మొత్తుకున్నాను, గీసి చూపించాను, చివరికి బతిమాలాను. మీ అక్క ఉందని చెబుతున్నావా అన్నాడాయన.

అక్కతో సహా లైనంతటినీ తీసేశారు. ఏరేవాళ్లు లేక రిపోర్టులో పగిలినవి తగ్గిపోతే, మేనేజరు దాన్నే రుజువుగా చూపించుకున్నాడు. తర్వాత దుకాణాల నుంచి పగిలిన కప్పుల పెట్టెలు తిరిగొచ్చాయి గానీ అక్కను ఎవరూ పిలవలేదు.

"సదువుకున్నదానివి గదనే చెల్లె, నీ మాటన్న ఇంటరనుకున్న," అన్నది అక్క. కోప్పడనైనా లేదు.

ఇప్పుడు ఆ చోట ఫంక్షన్ హాలు లేచింది. నేను ఆ రోజు మొత్తుకున్న ముక్కలే ఉప్పల్ దారి పొడుగునా బోర్డులు కట్టి నేర్పుతున్నారు. అక్క ఒక్క కప్పూ పగలగొట్టలేదని ఇవాళ ఎవరికైనా రుజువు చేయగలను. ఒప్పుకోవలసిన ఆయన లేడు, వినవలసిన అక్కా లేదు.