అక్కుపల్లిలో నూకలు బియ్యం కావట

ఈ ప్రయాణం సముద్రం చూడ్డానికి చేసింది కాదు, మా అప్పతో దెబ్బలాడ్డానికి చేసింది. అప్ప అంటే మా వైపు అక్క. పేరు కరుణమ్మ, నాకంటే ఆరేళ్లు పెద్దది. ఉద్దానంలో అక్కుపల్లి దగ్గర రెండెకరాల జీడితోట చూసుకుంటూ ఉంటుంది. ఇద్దరికీ షుగరు ఉంది. నేను విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. ఎనిమిదేళ్లుగా పొద్దున పూట బియ్యం లేని టిఫినే వండుకు తింటున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను, నాది అదుపులో ఉంది. అప్పకేమో జీడిపిక్కలు ఏరుతుంటే కుడికాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకుని పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు. మంగళవారానికి షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని పలాస డాక్టరు చెప్పాడు. ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడినప్పుడల్లా ఆవిడది ఒకటే పాట, బియ్యం ముట్టి రెండు నెలలైందని. ముట్టని మనిషికి షుగరు మూడొందలు ఎలా ఉంటుంది? నాకు ఒళ్లు మండిపోయింది. సంచిలో రెండు కేజీల పెసలు, కేజీ జొన్నరవ్వ వేసుకుని శనివారం బయల్దేరాను.

పొద్దున్న అయిదు గంటలకు విశాఖలో బస్సెక్కితే తొమ్మిదికి టెక్కలిలో దిగాను. టికెట్టు ఎనభై రూపాయల లోపే. షుగరు ఉన్నవాళ్లు టిఫిను వేళ దాటనివ్వకూడదు కాబట్టి బస్టాండు ఎదురు సందులో ఒక హోటల్లో దూరాను. బియ్యం లేనిది ఏముందని పెనం దగ్గరున్న ఆయన్ని అడిగాను.

"ఇడ్లీ ఉందమ్మా. అందులో బియ్యం నేదు, రవ్వే."

"ఆ రవ్వ దేంతో ఆడించినారు?"

"బియ్యంతోనే గానమ్మా, రవ్వయిపోయింది కదా."

"పోనీ పెసరట్టు?"

"పెసలేనమ్మా. గుప్పెడు బియ్యం పడతాది. నేకపోతే అట్టు కరకరలాడదు."

ఆయనతో పావుగంట వాదించాను. వెనకాల నిలబడ్డవాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. చివరికి సాయంత్రానికి ఉడకబెట్టిన శనగలు ఓ గిన్నెడు పెట్టించాను, అయిదు రూపాయలు తీసుకున్నాడు. అవి తిని పలాస బస్సెక్కాను. ముప్పావుగంటలో పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ వచ్చింది. జీడిపిక్కలు కాల్చే కమటు వాసన కిటికీలోంచి రాగానే తలనొప్పి మొదలైంది. అక్కడి నుంచి అక్కుపల్లికి షేర్ ఆటో. పన్నెండు రూపాయలు, గంట ప్రయాణం, ఆటో నిండేదాకా కదలడు. దారంతా కొబ్బరితోటలు, జీడితోటలు. చల్లగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం అప్పని ఏమేం అనాలో లోపల్లోపల వరసపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. కాలికి గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చుంది అప్ప. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు, కాళ్లు కూడా కడుక్కోకుండా తిన్నగా వంటింట్లోకి పోయాను. బియ్యం డబ్బా తోమి బోర్లించి ఉంది. గోడకి ఒక కాయితం అంటించి ఉంది. నేను రాసి పంపిందే: బియ్యం మానెయ్, బెల్లం మానెయ్, మాత్రలు మానకు.

"ఏటే అలగ సోదా సేత్తన్నావు?" అంటూ కుంటుకుంటూ వచ్చింది. "ఎండన పడొచ్చినావు. ముందు అంబలి తాగు."

చెంబు అందించింది. చోడిపిండి, అంటే రాగిపిండి అంబలి, పుల్లగా, చల్లగా ఉంది. రెండు గుక్కలు తాగేసరికి పంటి కింద మెత్తగా మెతుకుల్లాంటివి తగిలాయి.

"ఇందులో ఏటేసినావప్పా?"

"నూకలు."

"నూకలు బియ్యం కాదేటి?"

అప్ప నన్ను వింతగా చూసింది. "నూకలు బియ్యమేటే? బియ్యం సెరిగీసినాక మిగిలినయి. కోళ్లకేత్తాం. అయి ఏసి ఉడకబెట్టకపోతే అంబలి ఎలాగవుద్ది?"

"రోజుకెంత తాగుతున్నావు?"

"పొద్దున రెండు సెంబులు, మద్దినేల రెండు. అన్నం నేదు కదా, ఆకలేత్తాది." గోడ మీది కాయితం చూపించింది. "నువ్వు రాసిందంతా సేసినాను. సర్చిలో పెల్లికెల్లి కూరొక్కటే తిని లేసొచ్చీసినాను. అందరూ నవ్వినారు. అంబలిలో బెల్లమూ మానీసినాను."

వరసపెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అబద్ధమాడే మనిషి మీద కోప్పడొచ్చు, చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి మీద ఏమని కోప్పడతాం? తల ఎత్తకుండా బియ్యం మానెయ్యమని చెప్పి పంపేసిన ఆ డాక్టరు మీద కోపం వచ్చింది. అంతకు పదింతలు నా మీద నాకు వచ్చింది. ఆయనకు తెలియదంటే సరే, వేరే ఊరివాడు. నేను ఆ అంబలి తాగి పెరిగినదాన్ని. అందులో నూకలు పడతాయని నాకు తెలియదా? కాయితం మీద ఒక్క మాట ఎక్కువ రాయడానికి నాకేం వచ్చింది? అప్ప ముందే ఆ నూకల కుండ తీసుకెళ్లి కోళ్లకు పోసేశాను. "దానికంత కోపమేటే" అంది అప్ప.

ఆ సాయంత్రం పెసలు నానబోశాను. ఆదివారం ఆరింటికి అల్లం, పచ్చిమిరపకాయలు వేసి రోట్లో రుబ్బి, గుప్పెడు కాదు గదా గింజ బియ్యం కూడా వెయ్యకుండా అట్లు పోశాను. పలచగా తిప్పి సన్నసెగ మీద ఓపిగ్గా కాల్చితే కరకరలాడుతుంది, టెక్కలి ఆయనకు ఆ ఓపిక లేదు. సోమవారం మినప్పిండిలో బియ్యపు రవ్వకు బదులు జొన్నరవ్వ కలిపి రొట్టె వేశాను. ఏదైనా కొలతే, అప్పకి సగం రొట్టె, బోలెడు ములగాకు వేపుడు. "మెత్తగుంది గాని బాగుంది" అని తింది. ఆకలి తీరిందని కూడా అంది.

మంగళవారం ఆటో మాట్లాడుకుని పలాస తీసుకెళ్లాను. దారిలో సంగతి విని ఆటో నడిపే అతను అన్నాడు, "మాయమ్మ కూడా బియ్యం మానీసింది మేడం. పొద్దున ఉప్మాయే."

"ఏం రవ్వ?"

"బియ్యపు నూకే" అన్నాడు. ఆ ఆటోలో నేను అరిచిన అరుపులు అతను ఇంటికెళ్లి వాళ్లమ్మకు చెప్పే ఉంటాడు.

షుగరు మూడు రోజుల్లోనే కొంచెం దిగింది. కానీ పుండు అప్పటికే ఎముక దాకా పోయింది. వేలు తీసేశారు. తెలివొచ్చాక కట్టు వైపు చూసుకుంటూ అప్ప అడిగింది, "రెండు నెల్లు కడుపు మాడ్సుకున్నాను కదే. మరి ఏలెందుకు పోయింది?" దిండు సర్దాను.

ఇది జరిగి రెండేళ్లయింది. అప్ప ఇప్పుడు చెప్పులేసుకుని తోటకు వెళ్తోంది, చోడిపిండితో ములగాకు రొట్టె కాల్చుకుంటోంది, పాదం దక్కింది. నా కోపం మాత్రం చల్లారలేదు. ఉద్దానం తీరం వైపు వెళ్లే షుగరు మనుషులకు ఒకటే చెప్తాను. బియ్యం ఉందా అని ఎవరినీ అడక్కండి, లేదనే చెప్తారు, వాళ్లు అబద్ధమాడరు. రవ్వ దేనిది, నూక పడిందా, అట్టుపిండిలో గుప్పెడు వేశారా అని అడగండి. కుదిరితే మూత తీసి చూడండి. ఆ ఎనభై రూపాయల టికెట్టు నేను రెండు నెలల ముందే కొని ఉండాల్సింది.