కాశీలో వదిలిన కాఫీ

కాశీకి వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి, ఇష్టమైన కాయో పండో వదిలేసి రావడం ఆచారం. వదిలినదాన్ని ఇక చచ్చేదాకా ముట్టకూడదు. అరవైల మొదట్లో మా అమ్మా, పిన్నమ్మా కలిసి వెళ్ళారు. కాయా పండూ కాదని మా అమ్మ ఏకంగా గింజనే వదిలింది. కాఫీ మానేసింది!

రైలు నెల్లూరు చేరేసరికే తలకు గుడ్డ బిగించి ఉంది. విడవలూరులో ఇంటికి రాగానే మంచమెక్కింది. సొంఠి గంధం పట్టు వేశాను. నుదురు మండింది గానీ నొప్పి కదల్లేదు. తలుపు తీస్తే వెలుతురు గుచ్చుకుంటుందనేది, మూస్తే ఉక్కపోస్తుందనేది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆమె ముందు కాఫీ తాగలేక నేనూ మానేశాను. దాంతో రెండు తలలూ ఒకేసారి పగలడం మొదలుపెట్టాయి. నేను బడిపంతుల్ని. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే ఒక్కో ఎక్కం నా తలమీదికే ఎక్కేది.

పిన్నమ్మ చూడ్డానికి వచ్చింది.

"నేను కాకరకాయ వదిలినానక్కా. పుట్టినకాడ్నుంచి నోట పెట్టింది లేదు. నీకెందుకొచ్చిన పౌరుషం?"

"ఇష్టం లేంది వదిలితే అది వదిలినట్టా? గంగమ్మకు కళ్ళు లేవనుకున్నావా?" అమ్మ కళ్ళు మూసుకునే అనింది.

ఒకరోజు ఆమె గోడకు తల కొట్టుకోవడం చూసి హడలిపోయాను. బండి కట్టించి డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒక బిళ్ళ మింగించి బల్లమీద కూర్చోబెట్టారు. కాసేపటికి అమ్మ తలగుడ్డ తనే విప్పేసింది. కాశీ నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు.

"నీ చెయ్యి చల్లగుండ నాయనా! ఏముందయ్యా ఈ బిళ్ళలో?"

"తలనొప్పి మందేనమ్మా. దాంతోపాటు కాఫీలో ఉండే సరుకు రవ్వంత కలుపుతారు. మీకు అదే పట్టినట్టుంది," అన్నారాయన సంతోషంగా.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఇంటికని ఆయన ఇస్తే కొంగున కట్టుకున్న బిళ్ళల పొట్లం విప్పి, తిరిగి ఆయన ముందే పెట్టేసింది.

"తెలీక మింగినాను. గంగమ్మే మన్నించాల."

సాయంత్రానికి నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా కసిగా. అది మందేగానీ కాఫీ కాదని కాళ్ళు పట్టుకుని బతిమాలాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి, "రేయ్, నువ్వేం గంగలో మునగలేదు గదా. పోయి పెట్టుకోని తాగు. నీ మొగం చూళ్ళేకుండా ఉండా," అనింది.

అంతకుముందు నేను కాఫీ పెట్టి ఎరగను. మంచంమీంచే ఆమె చెబుతూ పోయింది: "నీళ్ళు బాగా తెర్లనీ... పొడి అదిమి పెట్టు..." డికాషన్ దిగేకొద్దీ ఆ మాటలు తగ్గిపోయాయి. గ్లాసు దాచుకుని పెరట్లోకి జారుకోబోయాను.

"యాడికి? ఇట్రా. ఈడ కూర్చోని తాగు."

తలాపున కూర్చున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"వాసన వదుల్తానని చెప్పలేదులేరా," అనింది. "గ్లాసు ఇంకాస్త దగ్గరికి పెట్టు."

నేను తాగలేదు. చల్లారి వాసన పోయేదాకా దాన్ని ఆమె ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.